టోపీ కాదు, హోర్డింగ్ చూడండి

పాత గ్యాంగ్‌స్టర్ సినిమాల మాటెత్తితే మనవాళ్ల దగ్గర రెండే సమాధానాలు. ఒకటి, "అబ్బ, ఏం స్టైలు!" రెండోది, "చివరికి చెడ్డవాడు చస్తాడుగా, నీతి ఉంది." రెండూ తప్పే. మొదటిది ఆ సినిమాల్ని టోపీలు, టామీ గన్‌ల ఆల్బమ్‌గా మార్చేస్తుంది. రెండోది సెన్సారు వాళ్ల వకాల్తా.

1931లో వచ్చిన 'లిటిల్ సీజర్'లో రికో ఎక్కడ చస్తాడు? ఒక పెద్ద హోర్డింగ్ వెనక. దాని మీద ఉన్నది, ముఠా వదిలేసి డాన్సర్‌గా పైకొచ్చిన అతని పాత స్నేహితుడి షో ప్రకటన. 1932 నాటి 'స్కార్‌ఫేస్'లో టోనీ రోడ్డు మీద కూలిపోతే, పైన ఒక ట్రావెల్ కంపెనీ లైట్ల బోర్డు 'ప్రపంచం నీదే' అంటూ వెలుగుతూనే ఉంటుంది.

ఇందులో నీతి ఏముంది? నాకు కనిపించేది మాట తప్పినవాడి మీద ఫిర్యాదు.

1920 నుంచి 1933 దాకా అమెరికా రాజ్యాంగం మద్యం తయారీని, అమ్మకాన్ని, రవాణాని నిషేధించింది. తాగడాన్ని కాదు! అంటే అమ్మినవాడు నేరస్తుడు, ఇంట్లో కూర్చుని తాగినవాడు పెద్దమనిషి. పైగా అప్పుడు మహా మాంద్యం. కష్టపడితే పైకొస్తావని చెప్పిన దేశమే నిచ్చెన లాగేసింది. ఉద్యోగం పోయి హాల్లో కూర్చున్నవాడికి రికో ఆకలి కొత్తదేం కాదు.

ఈ ఆకలే పెద్దలకి నచ్చలేదు. 'స్కార్‌ఫేస్'కి 'దేశానికి సిగ్గుచేటు' అని ఉపశీర్షిక తగిలించారు, ఉపన్యాసాల సీను ఇరికించారు. 1934 నుంచి హేస్ కోడ్‌ని గట్టిగా అమలు చేశారు. 'పబ్లిక్ ఎనిమీ'లో గ్యాంగ్‌స్టర్‌గా వెలిగిన జేమ్స్ క్యాగ్నీ, 1935లో 'జీ మెన్'లో ప్రభుత్వ ఏజెంటు అయిపోయాడు. అదే దూకుడు, అదే తుపాకి. బ్యాడ్జి ఒక్కటే కొత్త.

వీళ్లు మంచివాళ్లని నేను అనడం లేదు. 'పబ్లిక్ ఎనిమీ'లో క్యాగ్నీ ఆడమనిషి మొహాన గ్రేప్‌ఫ్రూట్ చెక్క నొక్కుతాడు. అది చూసి ఈల వేస్తే ఆ రోగం మనది, సినిమాది కాదు.

కాబట్టి ఈసారి చూసేటప్పుడు టోపీ మీంచి చూపు కాస్త పైకెత్తండి. చంపిన తూటా పోలీసులది, సరే. ఆశపెట్టిన బోర్డు ఎవరిది?