ఒక్క పరుగు మిగులు

బేసుబాలను ఆట మన యూళ్లలో నంతగా లేదు గాని, క్రికెట్టు నెరిగినవారి కది బోధపడుట కష్టము గాదు. పక్షమునకు తొమ్మండుగురు, తొమ్మిది ఇన్నింగ్సులు. పరుగులు సమానమైనచో గెలుపు తేలువరకు ఆట సాగుచునే యుండును. అమెరికాలోని పెద్ద జట్లు ఏటేట వసంతము మొదలు శరత్తువరకు 162 ఆటలు ఆడును.

బాల్టిమోరు నగరపు ఓరియోల్సు జట్టునకు 1998 మొదలు 2011 వరకు, పదునాలుగేండ్లు, గెలుపులకంటె నోటములే యెక్కువ. అట్టిది 2012లో ఆటలు మొదలైన నెలకే తల యెత్తెను. మే 6వ తేదీన బోస్టనులో నాడిన యాట పదునేడు ఇన్నింగ్సులు సాగినది. బంతి విసరువారు మిగులక, బ్యాటు పట్టుటయే పనిగా గల క్రిస్ డేవిసును విసరుటకు నిలిపిరి. ఆనా డతడు ఎనిమిది మారులు బ్యాటు పట్టి యొక్కమారును ఫలము బడయలేదు. అయినను రెండు ఇన్నింగ్సులు విసరి యొక్క పరుగైన నీయలేదు! ఆడమ్ జోన్సు దెబ్బకు మూడు పరుగులు రాగా 9-6తో గెలిచిరి. అర్ధరాత్రి చుట్టములు దిగినపుడు ఉన్నదానితో విస్తళ్లు నింపిన యిల్లాండ్ర కిది వింతగా తోపదు. నాటికి 28 ఆటలలో 19 వారివే.

ఒక్క పరుగు తేడాతో తేలిన యాటలలో నా యేడు వారు 29 గెలిచి 9 మాత్రమే యోడిరి. లెక్కల పండితులు దీనికి తల యూపలేదు. ఏడాది పొడుగున చేసిన పరుగులు 712, ఇచ్చినవి 705. మిగులు ఏడే గదా, అట్టి జట్టు 93 ఆటలు గెలుచుట కేవల మదృష్టమని వారి వాదము. దైవమా, పురుషకారమా యను తగవు మన భారతమునందును గలదు. నెలాఖరున పది రూపాయలు మిగిల్చిన గృహిణిని అదృష్టవంతురాలనుట సులభమే. ఆ పదింటికై యామె వలదనుకొన్నవి పద్దు పుస్తకమున కెక్కవు. గెలుపు చేజారకుండ చివరి ఇన్నింగ్సున బంతి విసరు జిమ్ జాన్సను ఆ యేడు 51 ఆటలను కాపాడెను. అదంతయు దైవమనుట మాకు సమ్మతము గాదు.

కాని పండితుల మాటలో నిజము లేదనజాలము. మరుసటి యేడు 2013లో, ఆ జాన్సనే యుండగా, ఒక్క పరుగు ఆటలలో 20 గెలిచి 31 ఓడిరి.

అయినను 2012 గెలుపులను మరల నెవరు తీసికొనగలరు? అక్టోబరులో టెక్సాసుపై 5-1తో నెగ్గి, పిదప న్యూయార్కు యాంకీసుతో నైదవ యాటవరకు పోరాడి యోడిరి. 1998లో బాల్టిమోరున పుట్టిన బిడ్డ అప్పటికి ఎనిమిదవ తరగతికి వచ్చియుండును. తన యూరి జట్టునకు ఓటములకంటె గెలుపు లెక్కువైన యేడును చూచుట వాని కదియే మొదలు.