గాజులు కనిపించే ఫొటో

మా పత్రిక వలస కథల ప్రత్యేక సంచికకు ముఖచిత్రం ముందే సిద్ధమైంది. కువైట్‌లోని సబా అల్ సలేంలో ఒక విల్లా వెనక వీధి, ఎండకు వెలిసిన గోడ, చెత్తసంచి పట్టుకుని నిలబడ్డ మనిషి, సగం నీడలో మొహం. మిత్రుడొకరు తీసిన ఫొటో. నిజానికి చాలా బాగుంది. అందులోని ఆమెది రాయచోటి వైపు, ఎనిమిదేళ్ళుగా ఖద్దామా (ఇంటి పనిమనిషి) పని. ఒక శుక్రవారం మాలియాలో కలిసినప్పుడు ఆ ఫొటో చూపించి, వేసుకోవచ్చా అని అడిగాం.

ఆమె ఫోను అందుకుని రెండు వేళ్ళతో పెద్దది చేసి చూసుకుంది. "ఇది వద్దన్నా. చెత్త పారేసేటప్పుడు తీసినారే! మా పాపకు సంబంధాలు చూస్తాండాము" అంది. తర్వాత తన ఫోన్లోంచి వేరే ఫొటో తీసిచ్చింది. "ఏసేదయితే ఇది ఏయండి." అందులో పట్టుచీర కట్టుకుని, నాలుగు బంగారు గాజులూ కనిపించేలా చేతులు ముందుకు పెట్టి నిలబడింది. వెనకాల యజమాని ఇంటి సోఫా. కళాదృష్టితో చూస్తే ఆ ఫొటోలో ఏమీ లేదు. అలా అనుకున్నది మేమే కాబట్టి, ఈ సంపాదకీయం మా మీద కూడా.

పేదవాళ్ళ ఫొటో ఎవరికి లాభం అన్నది పాత ప్రశ్నే. ఆఫ్రికా పేదరికాన్ని పాశ్చాత్య కళాకారులు సరుకు చేసుకున్నారన్న మాట ఎత్తగానే అందరూ 1993 నాటి సూడాన్ రాబందు ఫొటో దగ్గరికి వెళ్తారు. దాని మీద ఇప్పటికే చాలామంది రాశారు. మనకు అంతకంటే దగ్గరిది ఒకటుంది. 1876-78 కరువు, మన పెద్దవాళ్ళు ధాత కరువు అన్నది. మద్రాసు ప్రెసిడెన్సీలో బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు దాని కింద నలిగిపోయాయి. విల్లబీ వాలెస్ హూపర్ అనే మద్రాసు సైన్యాధికారి ఆ కరువు మనుషులను గుంపులుగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. డొక్కలు కనిపించేలా, కెమెరాకేసి తిరిగి, కదలకుండా. ఫొటో తీసుకుని వాళ్ళకు తిండి పెట్టకుండా పంపేశాడని ఆనాడే విమర్శ వచ్చింది. పదేళ్ళకు, 1886లో, ఇదే హూపర్ మాండలేలో మరణశిక్షలను ఫొటో తీసేందుకు ఖైదీలను కాల్చే క్షణాన్ని ఆలస్యం చేశాడన్న ఆరోపణ మీద విచారణ ఎదుర్కొన్నాడు. ఎముకలు తేలిన ఆ మనుషుల పేర్లు ఏ ఫొటో కిందా కనిపించవు. ఫొటో తీసినవాడి పేరు మాత్రం మ్యూజియాల్లో భద్రంగా ఉంది. అదే సీమలో, 1866 కరువులో గంజి పోసిన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి మీద జనం పాట కట్టుకున్నారు. ఆ పాటలో ఆకలి ఉంది, అన్నం పెట్టిన చెయ్యీ ఉంది.

ఇవాళ కువైట్ విమానం ఎక్కే తెలుగువాళ్ళలో పెద్ద భాగం ఆ కడప సీమ వాళ్ళే, ఆ తర్వాత గోదావరి జిల్లాల వాళ్ళు. ఇరవై నంబరు (ఇంటిపని) వీసా మీద వచ్చిన మనావిడా, ఇథియోపియా నుంచి వచ్చిన అమ్మాయీ చాలా ఇళ్ళల్లో ఒకే వంటింట్లో నిలబడతారు. 2017 మార్చిలో కువైట్‌లో ఒక ఇథియోపియా ఖద్దామా ఏడో అంతస్తు కిటికీ బయట వేలాడుతుంటే యజమానురాలు చెయ్యి అందించకుండా ఫోనులో వీడియో తీసింది. ఆ అమ్మాయి జారిపోయింది, కింద రేకుల మీద పడి బతికింది. వీడియో తీసినావిడను అదుపులోకి తీసుకున్నారు. ఆత్మహత్యాయత్నమని వార్తలొచ్చాయి. ఆసుపత్రిలో ఆ అమ్మాయి చెప్పింది వేరు: చావడానికి కాదు, తప్పించుకోవడానికే కిటికీ ఎక్కానని. పడిపోవడం అందరూ చూశారు, ఆ మాట ఎందరు విన్నారో. వీడియో తీసినావిడ కళాకారిణి కాదు కదా అనొచ్చు. కానీ చెయ్యి ఖాళీగా లేకపోవడమన్నది హూపర్‌కూ ఆవిడకూ ఒకటే.

ఈ బేరాన్ని బయటపెడుతూ రెంజో మార్టెన్స్ అనే డచ్ కళాకారుడు కాంగోలో తీసిన సినిమా 2008లో వచ్చింది. పెళ్ళిళ్ళ ఫొటోలు తీసుకునే స్థానిక ఫొటోగ్రాఫర్లకు అందులో లెక్క చెబుతాడు: వేడుక ఫొటోకు వచ్చేది చిల్లర, ఎండిపోయిన బిడ్డ ఫొటోకు విదేశీయుడు సంపాదించేది దానికి ఎన్నో రెట్లు. మీ పేదరికం మీ గని, తవ్వుకోండి అంటాడు. వాళ్ళు ప్రయత్నించి ఓడిపోతారు. ఆ గనికి తలుపులు వాళ్ళకు తెరుచుకోవు. చూస్తుంటే ఒళ్ళు మండుతుంది, మండాలనే తీశాడు. కానీ ఆ మంటకు చప్పట్లు కొట్టింది కూడా పాశ్చాత్య గ్యాలరీలే, మార్టెన్స్‌కు వచ్చిన పేరూ అక్కడిదే. ఆ తర్వాత అతను చేపట్టిన పని మాత్రం కొంచెం వేరు. ఒకప్పుడు యూనిలీవర్ తోటలున్న లుసాంగాలో తోట కూలీలు బంకమట్టితో చేసిన బొమ్మలను చాక్లెట్‌లో పోతపోసి అమ్మి, ఆ డబ్బుతో నేలను తిరిగి కొనుక్కుంటున్నారు. 2024 వెనిస్ బినాలేలోని డచ్ పెవిలియన్‌లో నిలిచినవి వాళ్ళ బొమ్మలే. దీన్ని న్యాయం అనలేం, మధ్యవర్తి ఇంకా తెల్లవాడే. కానీ బొమ్మ అమ్మితే బొమ్మ చేసిన మనిషికి నేల దక్కుతోంది. హూపర్ లెక్కలో అది లేదు.

మన లెక్కలో ఉందా? మా దగ్గరికి వచ్చే గల్ఫ్ కథల్లో సగానికి పైగా ఏజెంటు మోసంతో మొదలై శవపేటికతో ముగుస్తాయి. అవి అబద్ధం కాదు. కానీ అప్పు తీర్చి, ఇల్లు కట్టి, బిడ్డను చదివించి, మామాతో (యజమానురాలితో) జీతం కోసం వాదించి గెలిచిన ఖద్దామా కథ ఒక్కటైనా రాదు. బహుమతులొచ్చేది ఏడుపుకే అని రచయితలకు నేర్పింది మా లాంటి పత్రికలే.

ముఖచిత్రానికి ఇచ్చే పారితోషికం ఈసారి ఆమెకే పంపాం. చెత్తసంచి ఫొటో తీసిన మిత్రుడు అలిగాడు, అలకలో న్యాయముంది. ఆమె ఇచ్చిన ఫొటో ఫోన్‌లో తీసింది కాబట్టి, అట్టంత పెద్దది చేస్తే చెదిరిపోతోందని ప్రెస్సు వాళ్ళు అన్నారు. అందుకని చిన్నదిగానే వేసి చుట్టూ తెలుపు వదిలాం. గాజులు నాలుగూ లెక్కపెట్టొచ్చు.