క్లచ్ కొండెక్కకముందే...

విశాఖవాసులకు వాసనలు కొత్త కాదు. ఫిషింగ్ హార్బరు దగ్గర ఎండుచేపలు, మల్కాపురంలో రిఫైనరీ... కళ్లు మూసుకున్నా ఏ వీధిలో ఉన్నామో ముక్కే చెప్పేస్తుంది. కారెక్కాక మాత్రం ఆ ముక్కు మాట వినం. సింహాచలం ఘాట్‌రోడ్డులో కాగితాలు కాలుతున్నట్టు మాడువాసన వస్తే ‘ముందు బండిదేలే’ అని అద్దాలు ఎక్కించేస్తాం. అది మన బండిదే అయితే?

మన ఊరి తీరు అలాంటిది మరి. ఓ పక్క సముద్రం, మిగతా పక్కలా కొండలు. ఆదివారమైతే కైలాసగిరి, సెలవులొస్తే శృంగవరపుకోట దాటి అనంతగిరి మీదుగా అరకు. కారు నిండా జనం, డిక్కీ నిండా సామాను, ముందు నత్తనడకన కదిలే వాహనాల వరస. క్లచ్‌కి ఇంతకు మించిన పరీక్ష ఉండదు.

సగం తొక్కితేనే చిక్కు

ఇంజిన్‌తో పాటు తిరిగే ఫ్లైవీల్‌కీ, గేర్‌బాక్సుకీ మధ్య పళ్లెంలా ఉండేదే క్లచ్ ప్లేటు. పెడల్ వదిలేస్తే అది ఫ్లైవీల్‌ని అంటుకుని తిరుగుతుంది. పూర్తిగా తొక్కితే విడిపోతుంది. ఈ రెండింటితో గొడవే లేదు. సగం తొక్కి ఉంచితే మాత్రం అటు కలవదు, ఇటు విడిపోదు. రెండూ ఒరుసుకుంటూనే ఉంటాయి. ఆ వేడికి ప్లేటు మీది లైనింగ్ మాడుతుంది. మన ముక్కుకి తగిలే ఘాటు అదే.

ఎక్కేటప్పుడా... దిగేటప్పుడా?

మెకానిక్ అడిగే మొదటి ప్రశ్న ఇదే కావాలి. కొండ ఎక్కేటప్పుడో, ఎత్తులోకి రివర్స్ చేసేటప్పుడో వస్తే అనుమానం క్లచ్ మీదే. దిగేటప్పుడు చక్రాల దగ్గర్నుంచి వస్తే అది బ్రేకుల వాసన. మొదటిది జేబుకి చిల్లు, రెండోది ప్రాణానికే ముప్పు. బ్రేకులు అతిగా వేడెక్కితే పెడల్ తొక్కినా బండి ఆగకపోవచ్చు. అందుకే ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగమంటారు పెద్ద డ్రైవర్లు. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో మాత్రం దిగొద్దు.

చదును రోడ్డు మీద ఒక్క చక్రం దగ్గరే వాసన, వేడి ఉంటే అక్కడి బ్రేకు పట్టేసి ఉండొచ్చు. బానెట్ దగ్గర నూనె మాడినట్టుంటే ఆయిల్ లీకు చూడాలి. ప్లాస్టిక్ కాలినట్టుంటే వైరింగ్ కావొచ్చు. వెంటనే ఇంజిన్ ఆపి అందర్నీ దించేయండి.

వాసన వచ్చిందా... ఆగండి

వెడల్పుగా ఉన్న చోట పక్కకి ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, చక్రం కింద రాయి పెట్టి ఓ అరగంట చల్లారనివ్వండి. నీళ్లు మాత్రం చల్లొద్దు. తర్వాత చదును రోడ్డు మీద, రద్దీ లేనిచోట నాలుగో గేరులో 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కి చూడండి. ఇంజిన్ మోత పెరిగి, వేగం దానికి తగ్గట్టు పెరగకపోతే క్లచ్ జారుతున్నట్టే. మోతతో పాటే వేగమూ పెరిగి, వాసన మళ్లీ రాకపోతే ఈసారికి గండం గడిచినట్టు.

షెడ్డుకి వెళ్తే ‘ప్లేటు పోయింది’ అనగానే తలూపకండి. కొన్నిసార్లు పెడల్ ప్లే సరిచేస్తే చాలు. నిజంగా మార్చాల్సి వస్తే గేర్‌బాక్సు దించాలి. కాబట్టి ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ ఒకేసారి వేయించుకోవడం మేలు. లేదంటే రేపు బేరింగ్ పోతే కూలీ మళ్లీ మొదటికొస్తుంది. ప్లేటు మీద ఆయిల్ పడిందేమో కూడా చూడమనండి. లీకు ఆపకుండా కొత్తది వేస్తే అదీ పాడైపోతుంది.

అలవాటులోనే ఉంది

ఎక్కుడులో బండిని హాఫ్‌క్లచ్ మీద నిలబెట్టొద్దు. ఆగినప్పుడు హ్యాండ్‌బ్రేకు వేయండి. కదిలేటప్పుడు ఫస్ట్ గేరులో క్లచ్ మెల్లగా వదులుతూ, బండి ముందుకు లాగుతున్నట్టు అనిపించగానే బ్రేకు దించండి. గేరు మార్చని సమయంలో ఎడమ కాలిని పెడల్ మీద ఉంచొద్దు.

‘మాది ఆటోమేటిక్, క్లచ్చే లేదు’ అంటారా? 2014లో మారుతి సెలెరియోతో మన దగ్గర వాడుకలోకొచ్చిన ఏఎంటీ కార్లలో పెడల్ లేదు గానీ క్లచ్ ఉంది. దాన్ని తొక్కే పని యంత్రం చేస్తుందంతే. ఎత్తులో బ్రేకు వేయకుండా యాక్సిలరేటర్‌తో బండిని నిలబెడితే అదీ మాడుతుంది.

ఈసారి ఘాట్‌లో మాడువాసన వస్తే అద్దాలు ఎక్కించకండి. దించండి. అది ఎవరి బండిదో, క్లచ్‌దో బ్రేకుదో తేల్చుకున్నాకే ముందుకు కదలండి. ఓ అరగంట ఆలస్యమైతే అప్పన్న ఏమీ అనుకోడు!