చోటు చూపేది ఖజానా.. భారం మోసేది పంచాయతీ

కాకినాడ: పేదవాడికి ఇంటి స్థలం ఇవ్వాలన్న విషయంలో రాష్ట్రంలో ఏ పార్టీకీ భిన్నాభిప్రాయం లేదు. తగవంతా ఎన్ని సెంట్లు, ఎక్కడ అన్న రెండు మాటల మీదే నడుస్తోంది. 2020 డిసెంబరు 25న యు.కొత్తపల్లి మండలం కొమరగిరిలో ‘పేదలందరికీ ఇళ్లు’ పథకం ప్రారంభమైనప్పుడు గ్రామాల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు చొప్పున కొలత పెట్టారు. రాష్ట్రం మొత్తం మీద 30 లక్షలకు పైగా పట్టాలు, 17 వేలకు పైగా లేఅవుట్లు లెక్కకు వచ్చాయి. 2024లో ప్రభుత్వం మారింది. 2025 జనవరిలో ఆ కొలత గ్రామాల్లో 3 సెంట్లు, పట్టణాల్లో 2 సెంట్లుగా మారింది. కొలత మారినా పాత చిక్కు మాత్రం విడలేదు. భూమికి సొమ్ము పెట్టేది ఒకరు, ఆ భూమిలో వెలసిన కాలనీకి దీపం, నీరు, మురుగు కాలువ చూడవలసింది మరొకరు కావడమే ఆ చిక్కు.

ఇంటి స్థలాల సేకరణ జరిగే తీరు గ్రామీణులకు తెలియనిది కాదు. ముందుగా తహసీల్దారు ఊళ్లో ప్రభుత్వ భూమి ఉందేమో చూస్తారు. లేకుంటే ప్రైవేటు భూమిని గుర్తించి జిల్లా అధికారులకు ప్రతిపాదిస్తారు. రైతుతో సంప్రదింపులు జరుగుతాయి. ధర జిల్లా స్థాయిలో ఖరారవుతుంది. సొమ్ము రాష్ట్ర ఖజానా నుంచి రావాలి. లబ్ధిదారుల జాబితా చదవడానికి గ్రామసభ పెడతారు. అంతకుమించి ఆ వ్యవహారంలో పంచాయతీకి పాత్ర లేదు. సర్పంచి వేదిక మీద కూర్చుంటారు, అంతే. పట్టాలు పంచిన మరుసటి రోజు నుంచి మాత్రం కొళాయి రాలేదన్నా, వీధి దీపం వెలగలేదన్నా జనం వెళ్లేది పంచాయతీ కార్యాలయానికే.

చౌక భూమి ఎక్కడుంటే అక్కడే

2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చిన భూసేకరణ చట్టం ప్రకారం రైతుకు మార్కెట్ విలువతో పాటు అంతే మొత్తం పరిహారంగా అదనంగా చెల్లించాలి. ఇది న్యాయమైన నిబంధనే. అయితే దీనివల్ల ఊరిని ఆనుకుని ఉన్న మెరక భూమి ఖజానాకు అందని మానిపండు అయింది. కేటాయించిన సొమ్ములో ఎక్కువ పట్టాలు చూపించవలసిన అధికారి సహజంగానే చౌక భూమి వైపు చూస్తారు. గోదావరి జిల్లాల్లో చౌక భూమి అంటే పల్లపు చేనో, చవుడు నేలో, ఊరికి ఐదారు కిలోమీటర్ల దూరంలోని పొలమో అయి ఉంటుంది.

కోరుకొండ మండలం బూరుగుపూడి వద్ద ఆవ భూముల వివాదం ఇందుకు పేరుపొందిన ఉదాహరణ. రాజమహేంద్రవరం పేదల ఇళ్ల కోసం అక్కడ దాదాపు 600 ఎకరాలు ఎంచుకున్నారు. వర్షాకాలంలో నీరు నిలిచే ఆ పల్లపు భూములు నివాసానికి పనికిరావన్న ఆక్షేపణతో వ్యవహారం హైకోర్టుకు చేరింది. ‘ఆవ’ అన్న మాటకే ఈ ప్రాంతంలో నీరు నిలిచే పల్లమని అర్థం. పేరులోనే ఉన్న హెచ్చరికను ఫైలులో ఎవరూ చదవలేదనుకోవాలి.

కొమరగిరి కథ వేరు. అక్కడ స్థలాలు పొందినవారిలో అధికులు కాకినాడ నగర పేదలు. నగరంలో కూలి, ఇంటిపని, బండి వ్యాపారం చేసుకునే కుటుంబానికి ఊరి బయట స్థలం దక్కితే ఆస్తి వచ్చినట్లే గానీ, పనికి పోయి రావడానికి రోజూ ఆటో ఛార్జీ కూడా వచ్చి పడుతుంది. చిన్న పంచాయతీ పక్కన ఒక పట్టణమంత కాలనీ వెలిస్తే ఆ పంచాయతీ పారిశుద్ధ్య సిబ్బంది ఎంతమంది ఉన్నా చాలరు. నగరపాలక సంస్థ తన పేదలకు చోటు చూపవలసిన బాధ్యతను పొరుగు పల్లెకు బదిలీ చేసినట్లయిందన్న విమర్శలో అబద్ధం లేదు.

విశాఖలో డబ్బుకు బదులు భూమినే చెల్లింపుగా వాడారు. 2020 జనవరిలో జారీ అయిన 72వ నంబరు జీవో ప్రకారం 10 మండలాల్లో 6 వేల ఎకరాలకు పైగా సమీకరించ తలపెట్టారు. ఎకరా ఇచ్చిన డి పట్టా రైతుకు అభివృద్ధి చేసిన 900 చదరపు గజాలు, పదేళ్లకు పైగా సాగులో ఉన్న ఆక్రమణదారుకు 450 గజాలు తిరిగి ఇస్తామన్నారు. ఖజానాపై భారం తగ్గింది. అయితే కోర్టు కేసులతో రెండేళ్లు గడిచాయి. 2022 ఏప్రిల్ 28న సబ్బవరం మండలం పైడివాడ అగ్రహారంలో పట్టాల పంపిణీ జరిగింది. కొండవాలు జీడిమామిడి తోటల మీద బతికిన డి పట్టా రైతుకు 900 గజాల ప్లాటు కాగితం మీద లాభమే. కాయ కోసే సీజను మాత్రం ఇక రాదు.

పశువు మేసే బీడుకు విలువ కట్టరా?

సొమ్ము లేనప్పుడు అధికారుల చూపు పడే మరో చోటు ఊరి ఉమ్మడి భూమి. 1994 పంచాయతీరాజ్ చట్టంలోని 58వ సెక్షను ప్రకారం పశువుల మేత బీళ్లు, కళ్లాలు, శ్మశానాలు, మందబయళ్లు, బండ్లు నిలిపే చోట్లు, తోపులు పంచాయతీకి దఖలు పడ్డాయి. గ్రామ ఉమ్మడి భూములను కాపాడాలని, వాటిపై అక్రమ ఆక్రమణలను తొలగించాలని 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నింటినీ ఆదేశించింది. భూమిలేని కూలీలకు, ఎస్సీ, ఎస్టీలకు ఇచ్చినవి, బడి, ఆస్పత్రి వంటి ప్రజోపయోగ కట్టడాలు ఉన్నవి మినహాయింపుగా పరిగణించవచ్చని కూడా అదే తీర్పు చెప్పింది. ఇళ్ల స్థలాల ఫైళ్లలో ఈ మినహాయింపు మాటే తరచుగా వినిపిస్తుంది, తీర్పు అసలు సారాంశం వినిపించదు.

ఇక్కడ పేదకూ పేదకూ మధ్యనే పోటీ పెట్టినట్లవుతోంది. మేత బీడు మీద ఆధారపడేది పది ఎకరాల ఆసామి కాదు. ఆయనకు సొంత గడ్డివాము ఉంటుంది. రెండు గేదెలతో, నాలుగు మేకలతో సంసారం ఈదుతున్న భూమిలేని కుటుంబమే బీడుకు పశువును తోలుకుపోతుంది. ఆ కుటుంబానికే సెంటున్నర ఇచ్చి బీడు తీసుకుంటే ఇచ్చినదెంత, తీసుకున్నదెంత అన్న లెక్క ఏ నివేదికలోనూ కనిపించదు. ప్రభుత్వ భూమి కాబట్టి ‘ఖర్చు లేదు’ అని రాస్తారు.

కోనసీమ వంటి డెల్టా ప్రాంతంలో ఆ అవకాశమూ లేదు. కొబ్బరి తోట, వరి చేను, కాలువ గట్టు తప్ప మిగులు భూమి కనిపించదు. కాలువ గట్ల మీద గుడిసెలు వేసుకున్నవారే అక్కడ ఇంటి స్థలానికి మొదటి అర్హులు. ఒక ఊరిలో 100 కుటుంబాలు ఉన్నాయనుకుంటే, సెంటున్నర లెక్కన ప్లాట్లకే ఎకరన్నర కావాలి. రోడ్లు, ఖాళీ స్థలం కలిపితే రెండున్నర ఎకరాలవుతుంది. 3 సెంట్ల లెక్కన అది ఐదెకరాలు. ఎకరా రూ.40 లక్షలని అంచనా వేసుకుంటే రూ.కోటి కాస్తా రూ.2 కోట్లవుతుంది. కొలత పెంచడం మంచిదే. సెంటున్నర అంటే 72 గజాల చిల్లర, అందులో పశువును కట్టేయడానికి కూడా చోటుండదు. కానీ పెంచిన కొలతకు తగిన సొమ్ము రాకపోతే కాలనీ మరింత దూరం జరుగుతుంది.

ఊరికే నిధి ఉంటే?

ఊరు తానే నిధి పెట్టుకుని, ఆ నిధితో పేదల ఇళ్లకు భూమి కొనుక్కునే పద్ధతి లోకంలో లేకపోలేదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 2000లో ‘కమ్యూనిటీ ప్రిజర్వేషన్’ చట్టం చేసింది. ఆ చట్టాన్ని స్వీకరించాలా వద్దా అన్నది ఏ పట్టణానికా పట్టణం ఓటు వేసి తేల్చుకుంటుంది. స్వీకరిస్తే ఆస్తి పన్ను మీద గరిష్ఠంగా 3 శాతం అదనపు సుంకం పడుతుంది. దానికి తోడుగా ఆస్తి దస్తావేజుల నమోదు రుసుముతో ఏర్పడిన నిధి నుంచి రాష్ట్రం తన వాటా జత చేస్తుంది. ఏటా వచ్చిన దానిలో కనీసం పదో వంతు చొప్పున ఖాళీ భూముల రక్షణకు, చారిత్రక కట్టడాలకు, అందుబాటు ధరల ఇళ్లకు కేటాయించి తీరాలి. మిగిలినది దేనికన్నది ఊరి ఇష్టం. 5 నుంచి 9 మంది సభ్యుల స్థానిక కమిటీ సిఫారసు చేస్తే పట్టణ సభ ఆమోదించాలి. అక్కడి 351 నగరాలు, పట్టణాల్లో సగానికి పైగా దీనిని స్వీకరించాయి. బోస్టన్ పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ ఈ సుంకం కట్టేవారున్నారు.

ఆ పద్ధతి లోపం లేనిదని కాదు. 2001లో చట్టాన్ని స్వీకరించిన కేంబ్రిడ్జి ఏళ్ల తరబడి 80 శాతం సొమ్మును ఇళ్లకే మళ్లించింది. పదో వంతుతో మొక్కు తీర్చుకుని, మిగతాది పార్కులకూ పాత భవనాలకూ వెచ్చించే సంపన్న పట్టణాలూ ఉన్నాయి. అయినా ఒక సంగతి గమనించదగినది. పచ్చిక బీడును కాపాడటం, పేదకు ఇల్లు చూపడం అక్కడ ఒకే పద్దులో ఉన్నాయి. ఒకదాన్ని తిని రెండోది బతకనక్కర్లేదు.

మన పంచాయతీల ఇంటి పన్నుకు ఆ శక్తి లేదు. 2 వేల ఇళ్ల ఊరిలో సగటున రూ.500 చొప్పున పన్ను వసూలైనా ఏడాదికి రూ.10 లక్షలు. దాని మీద 3 శాతం అంటే రూ.30 వేలు. ఎకరా రూ.40 లక్షలున్న చోట అది ఒక సెంటుకైనా చాలదు.

సొమ్ము ఉన్నది రిజిస్ట్రేషన్లలో. భూమి చేతులు మారినప్పుడల్లా స్టాంపు సుంకంతో పాటు 1.5 శాతం బదిలీ సుంకం వసూలవుతుంది. ఇది స్థానిక సంస్థల సొమ్ము. పంచాయతీకి ఐదింట మూడు వంతులు, మండల, జిల్లా పరిషత్తులకు ఒక్కో వంతు చెందాలి. పదెకరాల ప్రైవేటు లేఅవుట్‌లో 28 వేల గజాల ప్లాట్లు గజం రూ.5 వేల దస్తావేజు ధరకు అమ్ముడయ్యాయనుకుంటే మొత్తం విలువ రూ.14 కోట్లు, బదిలీ సుంకం రూ.21 లక్షలు, అందులో పంచాయతీ వాటా రూ.12.60 లక్షలు. అదే ఎకరా ధరకు 31 సెంట్లు వస్తాయి. రోడ్లు పోను ఆరు కుటుంబాలకు ఊరి పక్కనే చోటు దొరుకుతుంది. పెద్ద సంఖ్య కాదు. కానీ రియల్ ఎస్టేట్ పెరిగే ఊళ్లలోనే భూమి ధర పేదకు అందకుండా పోతోంది, బదిలీ సుంకం దండిగా వచ్చేదీ ఆ ఊళ్లలోనే. ఈ సుంకంలో ఇంత భాగం ఇంటి స్థలాలకే అని విడిగా ఖాతా పెడితే, కొనే చోటును గ్రామసభ ముందు పెట్టక తప్పదు. ఆవ భూమి అంటే ఏమిటో గ్రామసభకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అడ్డంకి చట్టంలో కంటే ఆచరణలో ఎక్కువగా ఉంది. సుంకం వసూలయ్యేది రిజిస్ట్రేషన్ శాఖ ద్వారా. అది పంచాయతీ ఖాతాకు ఎప్పుడు చేరుతుందన్నది ట్రెజరీ దయ. 2021లో పంచాయతీల ఆర్థిక సంఘం నిధులను విద్యుత్ బకాయిల కింద రాష్ట్ర ప్రభుత్వం సర్దుబాటు చేసుకున్నప్పుడు, అప్పటి అధికార పక్షానికి చెందిన సర్పంచులు సైతం రోడ్డెక్కారు. కొళాయికీ చెత్త బండికీ ఉద్దేశించిన డబ్బుకే దిక్కులేనప్పుడు ఇంటి స్థలాల నిధికి భరోసా ఏమిటన్న సందేహం రాకమానదు.

ప్రత్యేక సుంకం అనుభవం మన ఊళ్లకూ ఉంది. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కలిసి ఉంటుంది. 1960 నాటి చట్టం కింద పంచాయతీలు, మున్సిపాలిటీలు దానిని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. జనం దశాబ్దాలుగా కడుతూనే ఉన్నారు. వసూలైన సెస్సును ఇతర ఖర్చులకు వాడుకుని జమ చేయకపోవడంతో గ్రంథాలయ సంస్థలు స్థానిక సంస్థల చుట్టూ బకాయిల కోసం తిరుగుతున్నాయి. విడి ఖాతా, ఏటా గ్రామసభలో చదివి వినిపించే లెక్క లేకపోతే ఇంటి స్థలాల సుంకానికీ పట్టేది ఆ గతే.