పళ్లు కొరికే పసివాళ్లు.. పురుగుల మందుతోనే తీరుతుందా?

* నిద్రలో కరకర శబ్దం.. తల్లిదండ్రుల్లో కలవరం
* ఎక్కువమందిలో వయసుతో పాటే మాయం
* గురక తోడైతే మాత్రం ఏమరుపాటు తగదు

నల్గొండ: ఇల్లంతా నిద్రపోయిన వేళ పక్కలోని పసిబిడ్డ పళ్లు కరకరమనిపిస్తే తల్లికి కునుకు పట్టదు. రాయిని రాయితో రుద్దినట్లు వినిపించే ఆ శబ్దం వినేవారిని భయపెడుతుంది. తెల్లవారేసరికి ఇంట్లోని పెద్దలు తేల్చి చెప్పే కారణం మాత్రం ఒక్కటే.. కడుపులో పురుగులు. మధ్యాహ్నానికి మందుల దుకాణం నుంచి సీసా వస్తుంది. సాయంత్రానికి ఉప్పు, ఎండుమిరపకాయలతో దిష్టి తీయడమూ పూర్తవుతుంది. పల్లెల్లోనే కాక పట్టణాల్లోనూ తరతరాలుగా సాగుతున్న తంతు ఇది.

వైద్యశాస్త్రం చెబుతున్నది వేరు. పసిపిల్లలు నిద్రలో పళ్లు కొరకడం చాలా సందర్భాల్లో వ్యాధి కాదు. మందు వేసినా, వేయకపోయినా వయసు పెరిగేకొద్దీ తగ్గిపోతుంది. అయితే కొద్దిమంది పిల్లల్లో ఈ శబ్దం వెనుక శ్వాసకు సంబంధించిన ఇబ్బంది దాగి ఉంటుంది. పురుగుల మందుతో పని ముగిసిందనుకునే ఇళ్లలో మరుగున పడిపోతున్నది ఆ కొద్దిమంది బాధే.

ఎప్పుడు మొదలు.. ఎప్పటికి ముగింపు?

బిడ్డకు సాధారణంగా ఆరో నెల ప్రాంతంలో తొలి పాలపన్ను కనిపిస్తుంది. పై వరుసలోనూ, కింది వరుసలోనూ ముందుపళ్లు వచ్చేసరికి ఏడాది దగ్గర పడుతుంది. అప్పటివరకు నోట్లో మెత్తటి చిగుళ్లే తెలిసిన బిడ్డకు ఒక గట్టి వస్తువు మరో గట్టి వస్తువుకు తగలడం కొత్త అనుభవం. మెలకువగా ఉన్నప్పుడు కూడా ఆ పళ్లను రాసి చూస్తూ, ఆ శబ్దానికి తానే నవ్వే పిల్లలు ఉంటారు. రెండున్నర నుంచి మూడేళ్ల వయసుకు మొత్తం 20 పాలపళ్లు వస్తాయి. నిద్రలో పళ్లు కొరకడం ఎక్కువగా కనిపించేది ఆ తర్వాతి సంవత్సరాల్లోనే. ఆరేళ్ల నుంచి శాశ్వత దంతాలు రావడం ఆరంభమై, పాలపళ్లు ఒక్కొక్కటిగా ఊడుతుండగా ఈ అలవాటు చాలామందిలో క్రమంగా సద్దుమణుగుతుంది.

ఇది ఎంతమందిలో ఉంటుందన్న ప్రశ్నకు ఒకే అంకె దొరకదు. వివిధ దేశాల్లో జరిగిన పరిశీలనలను 2013లో ఒకచోట చేర్చి సమీక్షించగా, పిల్లల్లో 3.5 శాతం నుంచి 40.6 శాతం వరకు లెక్కలు కనిపించాయి. ఇంత తేడాకు కారణం లేకపోలేదు. ఈ లెక్కల్లో అధికభాగం తల్లిదండ్రులు చెప్పిన దానిపైనే ఆధారపడ్డాయి. బిడ్డ పక్కనే పడుకునే తల్లికి వినిపించే శబ్దం వేరే గదిలో నిద్రించే తల్లికి వినిపించదు. రెండు విషయాల్లో మాత్రం ఆ సమీక్షలో స్పష్టత ఉంది. వయసు పెరిగేకొద్దీ ఈ అలవాటు తగ్గుతుంది. ఆడపిల్లలు, మగపిల్లలు అన్న తేడా లేదు.

కోపం కాదు.. కండరాల కదలిక

తెలుగులో పళ్లు కొరకడమంటే కోపానికి గుర్తు. పగవాడిని చూసి పళ్లు పటపట కొరికాడంటాం. ఆ మాటను బట్టి నిద్రలో పళ్లు కొరికే బిడ్డ లోలోపల ఎవరిమీదో కోపంతో రగిలిపోతోందని, పీడకల కంటోందని భావించేవారూ ఉన్నారు. జరిగేది అది కాదు. నిద్ర ఒకే తీరుగా సాగదు. గాఢనిద్ర, తేలికనిద్ర ఒకదాని వెంట ఒకటి వస్తుంటాయి. తేలికనిద్రలో మెదడు కొన్ని క్షణాలపాటు మెలకువ అంచుకు వచ్చి తిరిగి నిద్రలోకి జారుకుంటుంది. ఆ క్షణాల్లో గుండె వేగం కొద్దిగా పెరుగుతుంది, వెంటనే దవడ కండరాలు లయబద్ధంగా బిగుసుకుని సడలుతాయి. అప్పుడు పై పళ్లు, కింది పళ్లు ఒరుసుకోవడం వల్ల పుట్టేదే ఆ శబ్దం. బిడ్డకు ఆ సంగతి తెలియదు, ఉదయం లేచాక గుర్తూ ఉండదు.

వైద్య పరిభాషలో దీనిని బ్రక్సిజం అంటారు. దీనిపై పనిచేసే వివిధ దేశాల నిపుణులు 2018లో ప్రకటించిన ఉమ్మడి అభిప్రాయం ప్రకారం, ఇతరత్రా ఆరోగ్యంగా ఉన్నవారిలో నిద్రలో పళ్లు కొరకడాన్ని రుగ్మతగా పరిగణించనవసరం లేదు. అది కండరాల చర్య మాత్రమే. వంశపారంపర్యం కూడా ఇందులో ఉంది. ఫిన్లాండులో కవలలపై జరిపిన పరిశీలన ఫలితాలు 1998లో వెలువడ్డాయి. ఈ అలవాటులో జన్యువుల పాత్ర గణనీయమని అందులో తేలింది. చిన్నతనంలో తండ్రి పళ్లు కొరికేవాడని నానమ్మ చెబితే అది కొట్టిపారేయదగిన మాట కాదన్నమాట. బడిలో చేరడం, ఇంట్లో చెల్లెలో తమ్ముడో పుట్టడం, నిద్రవేళలు తప్పడం వంటి మార్పుల సమయంలో కొందరు పిల్లల్లో ఇది ఎక్కువ కావచ్చు.

పురుగుల మాటలో నిజమెంత?

నులిపురుగులకు, పళ్లు కొరకడానికి ముడిపెట్టడం ఒక్క తెలుగువారి నమ్మకమే కాదు. అనేక దేశాల్లో ఈ మాట వినిపిస్తుంది. దీనిని పరీక్షించేందుకు పరిశోధకులు చిన్నపాటి అధ్యయనాలు చేశారు. కొన్నింటిలో సంబంధం ఉన్నట్లు, మరికొన్నింటిలో లేనట్లు తేలింది. పురుగుల వల్లే పళ్లు కొరుకుతారని నిర్ధారించగలిగిన ఆధారం మాత్రం ఇప్పటివరకు లేదు. నమ్మకం నిలిచిపోవడానికి కారణం ఊహించడం కష్టం కాదు. కడుపులో పురుగులు పిల్లల్లో సాధారణం, పళ్లు కొరకడమూ సాధారణం. రెండూ ఒకే బిడ్డలో కనిపించినప్పుడు ఒకటి మరొకదానికి కారణమనిపిస్తుంది. పళ్లు కొరకడం రోజూ ఒకే స్థాయిలో ఉండదు. కొన్ని వారాలు ఎక్కువై, తర్వాత దానంతటదే తగ్గుతుంది. ఎక్కువైనప్పుడు మందు వేస్తారు, తగ్గిన తర్వాత ఆ ఘనత మందుకే దక్కుతుంది.

అంతమాత్రాన పురుగుల మందు వద్దని కాదు. ఏలికపాములు, కొంకిపురుగులు బిడ్డ తిన్న తిండిని, ఒంట్లోని రక్తాన్ని హరిస్తాయి. రక్తహీనతకు, ఎదుగుదల లోపానికి దారితీస్తాయి. అందుకే కేంద్ర ప్రభుత్వం 2015లో జాతీయ నులిపురుగుల నిర్మూలన దినాన్ని ప్రారంభించింది. సాధారణంగా ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న అంగన్‌వాడీ కేంద్రాల్లో, పాఠశాలల్లో ఏడాది నుంచి 19 ఏళ్ల లోపు వారికి ఆల్బెండజోల్ మాత్రలు ఉచితంగా ఇస్తారు. రెండేళ్లలోపు పసివారికి సగం మాత్ర అంటే 200 మిల్లీగ్రాములు, ఆపై వయసు వారికి 400 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి. చిన్నపిల్లలకు పొడి చేసి నీటిలో కలిపి ఇస్తారు. ఆ రోజు జ్వరంతోనో ఇతర అనారోగ్యంతోనో ఉన్న పిల్లలకు కోలుకున్నాక వేస్తారు.

చిక్కు ఎక్కడంటే, పళ్లు కొరికిన ప్రతిసారీ కొలత తెలియకుండా మందు కొని పోయడంలో. ఏడాది నిండని శిశువుకు కూడా వైద్యుని మాట లేకుండా పోస్తే అది మరింత ప్రమాదం. పురుగుల మందు పురుగుల కోసం. దానిని నిర్ణీత దినాన, నిర్ణీత మోతాదులో వేయించాలి. మలద్వారం వద్ద రాత్రివేళ దురద, మలంలో పురుగులు కనిపించడం వంటి లక్షణాలుంటే మధ్యలోనైనా ఆరోగ్య కేంద్రంలో చూపించాలి. పళ్ల శబ్దాన్ని దానికి కొలమానం చేసుకోరాదు.

చెవి పెట్టాల్సింది గురకపై

పళ్లు కొరికే బిడ్డ విషయంలో తల్లిదండ్రులు గమనించాల్సిన ముఖ్య సంగతి శ్వాస. ముక్కు వెనుక ఉండే ఎడినాయిడ్లు, గొంతులోని టాన్సిల్స్ కొందరు పిల్లల్లో బాగా పెరిగి గాలి దారిని ఇరుకు చేస్తాయి. నిద్రలో కండరాలు సడలినప్పుడు ఆ ఇరుకు మరింత పెరుగుతుంది. ఊపిరి అందక మెదడు పదేపదే మెలకువ అంచుకు వస్తుంది. పళ్లు కొరకడం ఎక్కువగా జరిగేది అటువంటి క్షణాల్లోనే కనుక ఈ రెండింటికీ సంబంధం కనిపిస్తోంది. బ్రెజిల్‌లో ఎడినాయిడ్లు, టాన్సిల్స్ శస్త్రచికిత్స చేయించుకున్న పిల్లలపై జరిపిన అధ్యయనం 2004లో ప్రచురితమైంది. శస్త్రచికిత్సకు ముందు వారిలో సుమారు 45 శాతం మంది పళ్లు కొరికేవారు. మూడు నెలల తర్వాత ఆ సంఖ్య 12 శాతానికి తగ్గింది.

పళ్లు కొరికే ప్రతి బిడ్డకూ శస్త్రచికిత్స కావాలని దీని అర్థం కాదు. వారంలో మూడు, నాలుగు రాత్రులు గురక పెట్టడం, నోరు తెరిచి నిద్రించడం, మధ్యలో ఊపిరి ఆగినట్లై ఒక్కసారిగా ఎగశ్వాస తీసుకోవడం, మెడ వెనక్కి విరిచి పడుకోవడం, నిద్రలో విపరీతంగా చెమటలు పట్టడం, పగలు చిరాకు, చదువుపై ధ్యాస నిలవకపోవడం.. వీటిలో ఏవైనా తోడైతే ముక్కు, చెవి, గొంతు వైద్యునికి చూపించాలి. అటువంటి బిడ్డను బడిలో మందమతిగానో, అల్లరి పిల్లవాడిగానో జమకట్టే ప్రమాదం ఉంది. నిజానికి వాడికి కొరవడింది నిద్ర. ఉమ్మడి జిల్లా వాసులు ఇందుకు హైదరాబాద్ వరకు వెళ్లాల్సిన పని లేదు. 2019లో నల్గొండ, సూర్యాపేటలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ఆరంభమయ్యాయి.

మచ్చలు వేరు.. అరుగుదల వేరు

ఫ్లోరైడ్ పీడిత ప్రాంతంగా పేరుపడిన ఉమ్మడి నల్గొండలో మరో గందరగోళమూ ఉంది. పళ్లపై పసుపు, గోధుమరంగు మచ్చలు, గుంతలు కనిపిస్తే అవి కొరకడం వల్ల వచ్చినవి కావు. పన్ను చిగురు లోపల తయారవుతున్న కాలంలో బిడ్డ శరీరంలోకి చేరిన ఫ్లోరైడ్ ఫలితమది. పాలపళ్లపై కంటే శాశ్వత దంతాలపైనే ఆ మచ్చలు ఎక్కువగా కనిపిస్తాయి. కొరకడం వల్ల జరిగేది పంటి అంచు అరిగి చదునుగా మారడం. ఫ్లోరోసిస్ తీవ్రంగా ఉన్న పళ్లపై పింగాణీ పొర గుల్లబారి ఉంటుంది కనుక అవి త్వరగా అరుగుతాయి. అటువంటి పిల్లల్లో ఎనిమిది, తొమ్మిదేళ్లు దాటినా పళ్లు కొరకడం ఆగకపోతే దంతవైద్యుని పర్యవేక్షణ అవసరం.

జాబితాలో లేని లక్షణం

పిల్లల ఆరోగ్య పరీక్షలకు ప్రభుత్వ యంత్రాంగం లేకపోలేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సంచార వైద్య బృందాలు అంగన్‌వాడీ కేంద్రాలకు ఏడాదిలో రెండుసార్లు, ప్రభుత్వ పాఠశాలలకు ఒకసారి వెళ్లి పిల్లలను పరీక్షించాలన్నది నిబంధన. ఈ బృందాలు చూడాల్సిన 30 ఆరోగ్య సమస్యల జాబితాలో పుచ్చిపళ్లు ఉన్నాయి, చెవిపోటు ఉంది, మూర్ఛ ఉంది. నిద్రలో శ్వాస ఇబ్బంది పేరు మాత్రం అందులో లేదు. పగటిపూట జరిగే పరీక్షలో రాత్రి వినిపించే శబ్దం బయటపడదు. ఎవరైనా అడిగితేనే తెలుస్తుంది.

అమెరికా శిశువైద్యుల అకాడమీ 2012లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, సాధారణ ఆరోగ్య పరీక్షకు వచ్చిన ప్రతి బిడ్డ తల్లిదండ్రులనూ గురక గురించి అడగాలని సూచించింది. ఖరీదైన యంత్రం అక్కరలేదు, కొత్త సిబ్బందీ అక్కరలేదు. మాత్రల పంపిణీ రోజున అంగన్‌వాడీ కార్యకర్త, ఆశా కార్యకర్త 'బిడ్డ నిద్రలో గురక పెడుతుందా' అన్న ఒక్క ప్రశ్న వేస్తే చాలు. పళ్లు కొరుకుతున్నాడని పురుగుల మందు కోసం వచ్చే తల్లే ఆ ప్రశ్నకు తొలి సమాధానం చెప్పగలదు. పాత నమ్మకాన్నే కొత్త పరీక్షకు దారిగా మలచుకునే వీలు ఇక్కడ ఉంది.

ఇంట్లో ఏం చేయాలి?

పళ్లు కొరికే బిడ్డను తట్టి లేపడం, గద్దించడం, పగలు పదిమందిలో ఎగతాళి చేయడం వల్ల ప్రయోజనం లేదు. రోజూ ఒకే వేళకు పడుకోబెట్టాలి. ఒకటి, రెండేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి 11 నుంచి 14 గంటలు, మూడు నుంచి అయిదేళ్ల వారికి 10 నుంచి 13 గంటల నిద్ర అవసరం. పడుకునే ముందు టీవీ, సెల్‌ఫోన్ దూరంగా ఉంచాలి. పిల్లలున్న గదిలో బీడీ, సిగరెట్ కాల్చరాదు. ఆ పొగ పీల్చే పిల్లల్లో పళ్లు కొరకడం ఎక్కువగా ఉన్నట్లు కొన్ని పరిశీలనలు చెబుతున్నాయి.

పళ్లు వచ్చే శిశువుల చిగుళ్లకు తిమ్మిరి కలిగించే జెల్లులు పూయడమూ మంచిది కాదు. వాటిలోని బెంజోకెయిన్ రక్తం ప్రాణవాయువును మోసుకెళ్లే శక్తిని దెబ్బతీయగలదని, రెండేళ్లలోపు పిల్లలకు వాడరాదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. శుభ్రమైన చల్లటి తడిగుడ్డతో చిగుళ్లు మెల్లగా ఒత్తితే చాలు. పెద్దలకు ఇచ్చే పంటి తొడుగులను దవడ ఇంకా ఎదుగుతున్న చిన్నపిల్లలకు సాధారణంగా వాడరు.

పన్ను విరగడం, ఉదయం లేవగానే దవడ లేదా కణతల నొప్పి, నమలడానికి ఇబ్బంది ఉంటే దంతవైద్యుని సంప్రదించాలి. మస్తిష్క పక్షవాతం, డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో ఈ అలవాటు అధికం. మానసిక సమస్యలకు వాడే కొన్ని మందుల వల్లా రావచ్చు. వీరి విషయంలో చికిత్స చేస్తున్న వైద్యునికే చెప్పాలి.

మిగిలిన పిల్లలకు కావాల్సింది కాలం. శాశ్వత దంతాలు వచ్చేనాటికి చాలా ఇళ్లలో ఆ శబ్దం తనంతట తానే ఆగిపోతుంది. అప్పటివరకు తల్లిదండ్రులు వినాల్సింది పళ్ల చప్పుడును కాదు, దాని వెనుక బిడ్డ ఊపిరి సాఫీగా సాగుతోందా లేదా అన్నది.