అరాచకమంటే భయం ఎవరికి?



మొన్న శుక్రవారం మన తెలుగు సంఘం మీటింగులో ఒక మాటన్నాను. "అధ్యక్షుడు, గౌరవాధ్యక్షుడు, ముఖ్య అతిథి లేకుండా ఒక్క ఏడాది నడిపి చూద్దాం. లెక్కలు అందరి ముందూ పెడదాం. క్యాంపుల్లో ఉండే కూలీలకూ, ఇళ్ళలో పనిచేసే ఖద్దామాలకూ మనతో సమానంగా ఓటిద్దాం." ఒక పెద్దాయన నవ్వి, "ఇదేం అరాచకం బాబూ, ఇదేమన్నా ఆఫ్రికానా?" అన్నారు. అందరూ నవ్వారు.

సరే, ఆఫ్రికా సంగతే చూద్దాం. 1990ల్లో, సైనిక పాలన కింద, నైజీరియాలో అవేర్‌నెస్ లీగ్ అరాచకవాద జెండా ఎత్తింది. ఆ ఉద్యమంలోని శామ్ ఎంబా, ఇగారివే 1997లో 'ఆఫ్రికన్ అనార్కిజం' అనే పుస్తకం రాశారు. రాజులు లేకుండానే జనం కూర్చుని తీర్పులు చెప్పుకున్న ఇగ్బో పల్లెల్ని గుర్తుచేశారు. మన పత్రికలు 'అరాచకం' అని రాసే లూటీలకూ, గూండాగిరీకీ దీనికీ ఏమన్నా పోలిక ఉందా? ఇక్కడ అరాచకమంటే పెత్తనం లేకపోవడం, కట్టుబాటు లేకపోవడం కాదు.

ఇంకా దగ్గరి కథ ఉంది. 1860 నుంచి 1911 దాకా మద్రాసు రేవులో ఓడెక్కి నటాల్ చెరుకు తోటలకు వెళ్ళిన ఒప్పంద కూలీల్లో తమిళులతో పాటు మన తెలుగువాళ్ళూ ఉన్నారు. 1917లో డర్బన్‌లో భారతీయ కార్మికుల పారిశ్రామిక యూనియన్ పుట్టింది. దాని నాయకుల్లో బెర్నార్డ్ సిగమనీ అనే బడిపంతులు ఒకరు. పార్టీల దయ కోసం చూడకుండా పనిచేసేచోటే కార్మికులు ఒకటవ్వాలన్న సిండికలిస్టు ఆలోచనే దానికి పునాది. సిగమనీ చదువుకున్నవాడే. కానీ కూలీలతో కలిసి కూర్చున్నాడు. మనం?

కువైట్‌లో 2010 కార్మిక చట్టం యూనియన్ పెట్టుకునే హక్కు కువైటీలకే ఇచ్చింది. అంతకుముందే 2008 జూలైలో బంగ్లాదేశ్ క్లీనర్లు సమ్మె చేశారు. వందలమందిని దేశం దాటించారు, నిజమే. కానీ క్లీనర్లకు 40 దినార్ల కనీస జీతం ప్రకటించక తప్పలేదు. ఆ ఫలితం వెళ్ళిపోయినవాళ్ళు కట్టిన మూల్యం.

నేను సమ్మె చెయ్యమనడం లేదు. ఆ మూల్యం కట్టేది ఏసీ గదిలో కూర్చున్న నేను కాదు కాబట్టి ఆ మాట అనే హక్కు నాకు లేదు. కానీ 2024 జూన్ 12న మంగాఫ్ అగ్నిప్రమాదంలో పదులమంది భారతీయులు చనిపోయారు. అందులో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్ళు. శవపేటికలకు చందాలు వెయ్యడంలో మనం దిట్టలం. ఆ మనుషులు బతికుండగా ఏ గదిలో ఎంతమంది పడుకుంటున్నారో మనలో ఎవరికి తెలుసు?

ఇంటి పనివాళ్ళ పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదని, వారానికో సెలవు ఇవ్వాలని 2015 చట్టం చెబుతోంది. ఆ నాలుగు ముక్కలు తెలుగులో రాసి పంచడానికి ముఖ్య అతిథి కావాలా? ఫిర్యాదు ఫారం నింపిపెట్టడానికి ఎమ్మెల్యే కావాలా?

పెత్తనం లేకపోతే సంఘం కూలుతుందంటున్నారు. పెత్తనం ఉన్న ఇన్నేళ్ళలో ఆ సంఘం ఎవరికి నిలబడింది? ఆలోచించండి.