యంత్రం మనది, తాళం కంపెనీది

విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11కు మారమంటున్నారు. సరే, మారతాం. మరి కావేరిపట్టణం జిరాక్స్ షాపులో ఇంకా బాగానే తిరుగుతున్న పాత ప్రింటర్, స్కానర్ గతేమిటి?

సరిహద్దు జనానికి దుబాసీ విలువ చెప్పక్కర్లేదు. కంప్యూటర్‌కు, ప్రింటర్‌కు మధ్య దుబాసీయే డ్రైవర్. విండోస్ 11 వచ్చేది 64 బిట్‌లోనే. పాత 32 బిట్ డ్రైవర్ అందులో పనిచెయ్యదు. సోర్స్ కోడ్ కంపెనీ గుప్పిట్లో ఉంటే కొత్తది ఇంకొకరు రాయడం మహా కష్టం. కంపెనీ రాస్తుందా? కొత్త ప్రింటర్ అమ్ముకుంటేనే దానికి లాభం కదా!

లినక్స్‌కు మారితే తీరుతుందా అంటే, పూర్తిగా కాదు. లినక్స్‌కు గుండెకాయ కెర్నెల్. అది మారినప్పుడల్లా, అందులో కలిసిన డ్రైవర్లను డెవలపర్లే సరిచేస్తారు. కోడ్ మూసిపెట్టిన డ్రైవర్ అక్కడా మొరాయిస్తుంది. గ్రాఫిక్స్ కార్డుల దిగ్గజం ఎన్విడియా కూడా తన కెర్నెల్ డ్రైవర్ కోడ్ బయటపెట్టడం మొదలెట్టింది 2022 మేలోనే.

తమిళనాడు ప్రభుత్వం 2011లో మొదలెట్టిన ఉచిత ల్యాప్‌టాప్‌లలో విండోస్‌తోపాటు సీ-డాక్ వారి బాస్ లినక్స్ కూడా ఇచ్చింది. మంచి పనే. 2025-26 బడ్జెట్‌లో 20 లక్షల మంది కాలేజీ విద్యార్థులకు మళ్లీ ప్రకటించింది. ఇకమీదట పిలిచే ప్రతి టెండర్‌లో ఒక్క షరతు చేర్చాలి: మద్దతు ఆపేసిన రోజున డ్రైవర్ కోడ్ బయటపెట్టాల్సిందే. జనం పన్నులతో కొన్న యంత్రం ఎప్పుడు మూలపడాలో అమ్మినవాడు తేలిస్తే ఎట్లా?